రెండు యంత్రాల మధ్య మాట కుదిరేదాకా

కొత్త పరికరాన్ని కంప్యూటర్‌కు తగిలించబోయి విసిగి వేసారినవారు తమ తెలివితేటలను నిందించుకోనక్కరలేదు. ఆ విసుగుకు అరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉన్నది.

1998 ఏప్రిల్ 20. అమెరికాలోని చికాగో నగరంలో కంప్యూటర్ పరిశ్రమవారి పెద్ద ప్రదర్శన జరుగుతున్నది. వేదిక మీద మైక్రోసాఫ్ట్ అధినేత బిల్ గేట్స్, ఆయన పక్కన ఆ సంస్థ ఉద్యోగి క్రిస్ కపొసెలా ఉన్నారు. త్వరలో విడుదల కానున్న విండోస్ 98 ఎంత సులువుగా పనిచేస్తుందో సభికులకు చూపాలని వారి సంకల్పం. కపొసెలా ఒక స్కానర్ కేబుల్‌ను కంప్యూటర్‌కు తగిలించారు. ఇకమీదట ఎవరూ ఏ తంటాలూ పడనక్కరలేదు, తగిలించడం ఒక్కటే మనిషి వంతు, తక్కినదంతా యంత్రమే చూసుకుంటుందన్నది వారు చెప్పదలచిన మాట. అంతలో వెనుకనున్న పెద్ద తెర నీలంగా మారిపోయింది. తెల్లని అక్షరాలలో ఏదో దోషసూచన కనిపించింది. యంత్రం కదలక మెదలక నిలిచిపోయింది. సభ గొల్లుమన్నది. విండోస్ 98 ఇంకా అంగడికి రాకపోవడానికి ఇదే కారణం అయివుంటుందని గేట్స్ నవ్వులో నవ్వు కలిపారు.

ఆ నవ్వు వెనుక ఎంతోమంది అనుభవం ఉన్నది. ముచ్చటపడి కొత్త ప్రింటరో, స్కానరో, వెబ్ కెమెరాయో కొని తెచ్చుకుంటారు. అట్టపెట్టె విప్పి, కేబుల్ తగిలించి, మీట నొక్కుతారు. పరికరం మీద దీపం వెలుగుతుంది. కంప్యూటర్ మాత్రం అటువంటిదేదీ తన కంటికి కనబడలేదంటుంది. తీసి మళ్ళీ పెడతారు. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ నడుపుతారు. గంట గడుస్తుంది. చివరకు ఆ గృహస్థు అనుకునేది ఒక్కటే: "ఇవన్నీ మన తలకెక్కే విద్యలు కావు."

ఈ ఆత్మనింద అనవసరం. వేల కోట్ల సంస్థ, సాక్షాత్తు దాని అధినేత సమక్షంలో, ముందుగా అన్నీ అమర్చుకుని చేసిన ప్రదర్శనలోనే జరిగిన ముచ్చట ఇది. లోపం వాడేవారి చేతిలో ఉండడం అరుదు. అసలు లోపం ఎక్కడున్నదో తెలుసుకుంటే విసుగు పూర్తిగా పోకపోయినా, ఎవరిమీద విసుక్కోవాలో మాత్రం తెలుస్తుంది.

దుబాసీ లేని సంభాషణ

విద్యుద్దీపాన్ని హోల్డరులో బిగిస్తే వెలుగుతుంది. దీపానికి కావలసినది కరెంటు ఒక్కటే. హోల్డరుతో అది మాట్లాడవలసిన పని లేదు. కంప్యూటర్‌కు తగిలించే పరికరం సంగతి అలా కాదు. అది కంప్యూటర్‌తో సంభాషించాలి. ఆ సంభాషణ సాగాలంటే మూడు విషయాలలో ఒడంబడిక కుదరాలి. మొదటిది ఆకారం: ప్లగ్గు, దాని రంధ్రం ఒకదానికొకటి సరిపోవాలి. రెండవది సంకేతం: ఎంత వేగంతో, ఏ వరుసలో విద్యుత్ స్పందనలు పంపాలో ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. మూడవది భాష: వచ్చిన స్పందనకు అర్థం "ఈ పుట అచ్చు వేయి" అనా, "కాగితం అయిపోయింది" అనా అన్నది తెలియాలి.

పూర్వం చెన్నపట్నంలో కుంపిణీ దొరలకూ, దేశీయ వర్తకులకూ నడుమ దుబాసీలు ఉండేవారు. ఇరుపక్షాల భాషలూ వచ్చినవారు వారే కనుక, దుబాసీ లేనిదే బేరం సాగేది కాదు. కంప్యూటర్‌కూ, పరికరానికీ మధ్య అటువంటి దుబాసీ పని చేసే ప్రోగ్రామునే 'డ్రైవర్' అంటారు. ప్లగ్గు సరిగా కూర్చున్నా, కరెంటు అందినా, దుబాసీ లేకపోతే రెండు యంత్రాలూ ఎదురెదురుగా నిలబడి మౌనం వహిస్తాయి. గృహస్థుకు కనబడేది ఆ మౌనమే.

ఒడంబడిక కుదరని రోజులు

1960లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఆర్.ఎస్. 232 అనే ప్రమాణాన్ని వెలువరించింది. టెలిప్రింటర్ల వంటి యంత్రాలను టెలిఫోన్ మోడెమ్‌లకు కలపడం కోసం రూపొందిన ప్రమాణం అది. కంప్యూటర్లు వ్యాపించిన కొద్దీ ప్రింటర్, మౌస్, కొలత పరికరాలు అన్నిటినీ ఆ దారినే మళ్ళించారు. ఒక పని కోసం పుట్టిన నియమాన్ని వంద పనులకు వాడితే వచ్చే చిక్కులన్నీ వచ్చాయి. ఒక్కొక్క సంస్థ 25 పిన్నులను ఒక్కొక్క విధంగా వాడుకున్నది. సెకనుకు ఎన్ని స్పందనలు, అక్షరానికి ఎన్ని బిట్లు, తప్పు పట్టుకునే బిట్ ఉండాలా వద్దా, అక్షరం ముగిసిందని ఎలా తెలపాలి, ఇవన్నీ రెండు వైపులా మనిషే చేతితో అమర్చాలి. ఒక్కటి తప్పినా ప్రింటర్ కాగితం నిండా పిచ్చి గీతలు పోసేది.

1970లో సెంట్రానిక్స్ అనే సంస్థ తన ప్రింటర్ కోసం మరొక మార్గం కనిపెట్టింది. అందులో అక్షరానికి కావలసిన 8 బిట్లూ 8 తీగల మీద ఒకేసారి ప్రయాణం చేస్తాయి. అది ప్రింటర్లకు రాజమార్గమయింది. ఐతే మౌస్‌కు ఒక దారి, ప్రింటర్‌కు ఒక దారి, కీబోర్డుకు ఇంకొక దారి ఏర్పడి, కంప్యూటర్ వెనుక భాగం రకరకాల రంధ్రాలతో నిండిపోయింది.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. పెట్టె మూత విప్పి ఎవరైనా కొత్త కార్డు గుచ్చుకోవచ్చునన్నది దాని గొప్ప. అదే దాని శాపం కూడా అయింది. పరికరం ప్రాసెసర్ దృష్టిని తనవైపు తిప్పుకోవాలంటే "చేస్తున్న పని ఆపి నా మాట విను" అని కబురు పంపాలి. ఆ కబురు మోసే దారులు తొలి యంత్రంలో 8 మాత్రమే. వాటిలో కొన్ని గడియారానికీ, కీబోర్డుకూ, డిస్కుకూ ముందే దత్తమై ఉన్నాయి. 1984 నాటి తరువాతి నమూనాలో ఆ సంఖ్యను రెట్టింపు చేశారు. అయినా చాలలేదు. కొత్త కార్డుకు ఏ దారి ఖాళీగా ఉన్నదో కనుక్కోవలసిన బాధ్యత యజమానిదే. కార్డు మీద 'జంపర్' అనే గోరంత ప్లాస్టిక్ తొడుగును ఒక పిన్ను మీద నుంచి తీసి మరొక పిన్ను మీద పెట్టి, యంత్రాన్ని నడిపి చూడాలి. పనిచేయకపోతే మళ్ళీ మూత విప్పాలి.

ఈ ఏర్పాటులో ఒక విచిత్రం ఉన్నది. ఆ కంప్యూటర్లలో మొదటి సీరియల్ ద్వారానికీ, మూడవ సీరియల్ ద్వారానికీ 4వ నెంబరు దారి ఒక్కటే ఉమ్మడి. మొదటిదానికి మౌస్, మూడవదానికి మోడెమ్ తగిలించినవారికి రెండూ విడివిడిగా చక్కగా పనిచేసేవి. మోడెమ్ టెలిఫోన్‌లో మాట్లాడడం మొదలుపెట్టగానే మౌస్ బిగుసుకుపోయేది. మోడెమ్ పాడయిందని ఒకరు, మౌస్ పాడయిందని మరొకరు అంగడికి పరుగెత్తేవారు. నిజానికి రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఒకే గుమ్మంలో ఇద్దరు ఎదురుపడి ఆగిపోవడమే జరిగింది.

1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 ఈ పంచాయతీని తానే తీరుస్తానన్నది. 'ప్లగ్ అండ్ ప్లే', అనగా తగిలించు, వాడుకో అన్నది దాని నినాదం. కొత్త కార్డులతో అది చాలావరకు సాధ్యమయింది. కానీ తమ నెంబరు ఏదో తాము చెప్పలేని పాత కార్డులు ఎన్నో పెట్టెలలో ఉండిపోయాయి. ఆ నినాదాన్ని జనం 'ప్లగ్ అండ్ ప్రే' అని మార్చేశారు. తగిలించు, ఆపైన దేవుణ్ణి ప్రార్థించు!

ఇంటి విసుగు, ఇంజనీరు పట్టుదల

ఈ చిక్కుముడిని మరొక వైపు నుంచి చూసినవారిలో అజయ్ భట్ ఒకరు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి, 1990లో ఇంటెల్ సంస్థలో చేరినవారు ఆయన. ఇంట్లో కుమార్తె పాఠశాల పని ఒకటి అచ్చు వేయడానికి ప్రింటర్‌ను కంప్యూటర్‌కు కలపబోయి కుటుంబం పడిన అవస్థ తనను ఆలోచింపజేసిందని ఆయన తరువాత పలు ఇంటర్వ్యూలలో చెప్పారు. కంప్యూటర్లు తయారు చేసే ఇంజనీరు ఇంట్లోనే ఇంత తిప్పలైతే, తక్కినవారి గతి ఏమిటి? గోడకున్న సాకెట్‌లో ప్లగ్గు పెట్టినంత తేలికగా ఈ పని ఎందుకు కాకూడదు?

ఆ ఆలోచనకు తమ సంస్థలోనే తొలుత ఆదరణ లభించలేదని కూడా ఆయన చెప్పారు. ఆశ్చర్యపడనక్కరలేదు. ప్రతి సంస్థకూ తన రంధ్రం, తన కేబుల్ ఉండడంలో వ్యాపారపు లాభం ఉన్నది. అందరికీ ఒకే ద్వారం కావాలంటే అందరూ తమ పట్టు కొంత సడలించుకోవాలి. 1994లో కాంపాక్, డిజిటల్, ఐ.బి.ఎం., ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్.ఇ.సి., నార్టెల్ అనే 7 సంస్థలు ఒకచోట చేరి పని మొదలుపెట్టాయి. 1996 జనవరిలో 'యూనివర్సల్ సీరియల్ బస్' తొలి ప్రమాణం వెలువడింది. దానినే లోకం యు.ఎస్.బి. అని పిలుస్తున్నది. ఆ ప్రమాణాన్ని వాడుకోవడానికి ఎవరూ రాయల్టీ చెల్లించనక్కరలేకుండా విడిచిపెట్టడం దాని వ్యాప్తికి ముఖ్య కారణమయింది.

యు.ఎస్.బి. చేసిన అసలు మేలు వేగం కాదు. ఆనాడు దాని గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు మాత్రమే. బాధ్యతను మనిషి నెత్తి మీద నుంచి దించి యంత్రం మీద పెట్టడమే దాని ఘనత. కేబుల్ తగిలించగానే పరికరంలోని ఒక చిన్న రెసిస్టర్ ఒక తీగలోని వోల్టేజిని పైకెత్తుతుంది. అది తలుపు తట్టడం వంటిది. కంప్యూటర్ ఆ చప్పుడు విని, వచ్చిన అతిథిని ఒకసారి సర్దుకోమంటుంది. అప్పటికి ఆ అతిథికి సొంత చిరునామా లేదు. అందరికీ ఉమ్మడియైన సున్నా చిరునామాయే. కంప్యూటర్ దానికి 1 నుంచి 127 లోపు ఒక నెంబరు ఇస్తుంది. ఆపైన కులగోత్రాలు విచారిస్తుంది: నిన్ను చేసిన సంస్థ ఏది? నీ నమూనా ఏది? నీవు ఏ తరగతికి చెందినదానవు? ఎంత కరెంటు కావాలి? ఆ జవాబులను బట్టి తగిన దుబాసీని పిలుస్తుంది. యజమాని ప్లగ్గు మీద నుంచి చేయి తీసేలోపు ఈ పరిచయమంతా ముగిసిపోవచ్చు. ఒకప్పుడు మూత విప్పి, జంపర్ మార్చి, రోజంతా చేసిన పని ఇదే.

ప్రమాణం పుట్టినంతమాత్రాన లోకం మారలేదు. ద్వారం ఉన్న కంప్యూటర్లు వచ్చినా తగిలించే పరికరాలు కొన్నే. పరికరాలు చేద్దామంటే ద్వారాన్ని వాడేవారు తక్కువ. చికాగో సభలో బెడిసికొట్టినది ఈ యు.ఎస్.బి. స్కానరే. అదే సంవత్సరం ఆగస్టులో ఆపిల్ సంస్థ ఐమాక్ అనే కంప్యూటర్‌ను అమ్మకానికి పెట్టింది. తన పాత ద్వారాలనన్నిటినీ తీసివేసి, వాటి స్థానంలో యు.ఎస్.బి. పెట్టింది. ఫ్లాపీ డిస్కుకు కూడా చోటివ్వలేదు. చాలామంది నొచ్చుకున్నారు కానీ, పరికరాలు చేసేవారికి వెనుకదారి లేకుండా పోయింది. 2000 సంవత్సరంలో వేగాన్ని 480 మెగాబిట్లకు పెంచిన రెండవ ప్రమాణం వచ్చింది. పెన్ డ్రైవ్‌లూ ఆ ఏడాదే అంగళ్ళలో కనిపించాయి. ఆ తరువాత వెనుదిరిగి చూడవలసిన పని లేకపోయింది.

యు.ఎస్.బి. మీద జనానికి ఒక ఫిర్యాదు మాత్రం మిగిలింది. ఆ దీర్ఘచతురస్రపు ప్లగ్గును ఒక వైపు పెడితే దూరదు, తిప్పి పెట్టినా ఒక్కోసారి దూరదు, మూడవసారి మొదటి వైపే దూరుతుంది! రెండు వైపులా పట్టే ప్లగ్గు చేయాలంటే తీగలు, సర్క్యూట్లు రెట్టింపు కావాలి, ఖర్చు పెరిగి ప్రమాణమే పుట్టుకముందు ఆగిపోయేదని భట్ వివరణ ఇచ్చారు. ఎటు పెట్టినా పట్టే 'టైప్ సి' ప్లగ్గు ప్రమాణం 2014లో గాని రాలేదు. ఐరోపా సమాజం 2022లో చట్టం చేసి, 2024 డిసెంబర్ 28 నుంచి తమ దేశాలలో అమ్మే కొత్త సెల్ ఫోన్‌లకూ, మరెన్నో పరికరాలకూ ఈ ద్వారాన్నే తప్పనిసరి చేసింది. వ్యాపారులు తమంతట తాము కుదుర్చుకోని ఒడంబడికను చట్టం కుదిర్చింది.

తెలుగు అక్షరం పడిన పాట్లు

ఒడంబడిక లేకపోవడం వల్ల కలిగే కష్టం కేబుళ్ళతోనే ఆగలేదు. భారతీయ లిపులు కంప్యూటర్ తెర మీదికి వచ్చిన తొలి దినాలలో వాటికోసం ప్రత్యేకంగా ఒక కార్డు కొని పెట్టెలో గుచ్చవలసి వచ్చేది. కాన్పూర్ ఐ.ఐ.టి.లో పునాది పడి, ఆపైన పుణె లోని సి-డాక్ సంస్థలో వృద్ధి చెందిన 'జిస్ట్' కార్డు అటువంటిదే. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ మన లిపులకు ఒక సంకేత పట్టికను ప్రకటించింది. అయినా అచ్చు పనివారి కోసం ఫాంట్లు చేసిన సంస్థలు ఎవరి నెంబర్లు వారు పెట్టుకున్నాయి. తత్ఫలితంగా ఒకరి కంప్యూటర్‌లో చక్కటి తెలుగు వ్యాసం, ఆ ఫాంటు లేని మరొకరి కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తుల గుంపుగా కనిపించేది. యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 1991లోనే చోటిచ్చింది. అది వాడుకలో స్థిరపడడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. వ్యాసం రాసినవారి తెలుగుకూ, చదవబోయినవారి తెలివికీ లోటు లేదు. నడుమనున్న యంత్రాలకే మాట కుదరలేదు.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఆకారం, సంకేతం అన్న రెండు ఒడంబడికలూ చాలావరకు కుదిరాయి. మూడవదైన దుబాసీ వ్యవహారం ఇంకా పూర్తిగా తెమలలేదు. కీబోర్డు, మౌస్, పెన్ డ్రైవ్ వంటి వాటికి ఉమ్మడి దుబాసీలు నేటి కంప్యూటర్లలో ముందుగానే ఉంటారు. విండోస్ 98 నాడు పెన్ డ్రైవ్‌కు సైతం విడిగా డ్రైవర్ వేసుకోవలసి వచ్చేదంటే నేటివారికి వింతగా తోచవచ్చు. కానీ ఎన్నో ప్రింటర్లకూ, స్కానర్లకూ, ప్రత్యేకమైన పరికరాలకూ ఇప్పటికీ తయారీదారు ఇచ్చే డ్రైవరే శరణ్యం. తయారీదారు చేతులెత్తేసిన రోజున, చెక్కుచెదరని పరికరం కూడా మూగదవుతుంది. ఉదాహరణకు విండోస్ 11 అనేది 64 బిట్ రూపంలో మాత్రమే వస్తుంది. 32 బిట్ కాలంలో రాసిన డ్రైవర్ దానిలో పనిచేయదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. కొత్త యంత్రానికి మారిన గృహస్థు, తన పాత స్కానర్‌కు 64 బిట్ డ్రైవర్ లేదని అప్పుడు తెలుసుకుంటే, దాని గాజు పగలకపోయినా, దీపం ఆరకపోయినా, ఇంట్లో అది చెత్త కిందే లెక్క.

ఈ తాళంచెవి విషయమై ఒక ప్రింటర్ పెద్ద ఉద్యమానికే కారణమయింది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. అది వేరే అంతస్తులో ఉండేది. కాగితం ఇరుక్కుపోతే ఎవరికీ తెలిసేది కాదు. అంతకు ముందున్న ప్రింటర్‌కు అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ఉపాయం చేశారు: కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్నవారికి కబురు అందేది. కొత్తదానికీ అదే చేద్దామంటే దాని ప్రోగ్రాము మూలపాఠం లేదు. అది ఉన్నవారిని వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చాను గనుక ఇవ్వలేనని జవాబు వచ్చింది. ఆ తిరస్కారం ఆయన మనసులో నాటుకున్నది. తాను కొన్న యంత్రాన్ని తానే బాగుచేసుకునే హక్కు వాడేవారికి ఉండాలన్న పట్టుదలతో 1983 సెప్టెంబర్ 27న ఆయన జి.ఎన్.యు. అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రణాళికను ప్రకటించారు. తయారీదారులు వదిలేసిన పాత స్కానర్లు, ప్రింటర్లు అనేకం నేటికీ లినక్స్ కంప్యూటర్లలో పనిచేస్తున్నాయంటే, ఆ స్ఫూర్తితో స్వచ్ఛందంగా డ్రైవర్లు రాసినవారి చలవే.

గృహస్థు చేయగలిగినది

ఈ చరిత్ర తెలిసినవారికి కొన్ని జాగ్రత్తలు వాటంతట అవే తోస్తాయి. పరికరం కంప్యూటర్‌కు కనబడనప్పుడు ముందుగా అనుమానించవలసినది కేబుల్‌ను. కొన్ని చవక కేబుళ్ళలో కరెంటు తీగలు తప్ప సమాచారం మోసే తీగలు ఉండవు. దీపం వెలుగుతుంది, మాట మాత్రం దాటదు. టైప్ సి కేబుళ్ళు చూపులకు కవల పిల్లలవలె ఉన్నా, కొన్ని వేగంగా సమాచారం మోస్తాయి, కొన్ని మోయవు. కొన్నిటి మీదుగా తెర బొమ్మ వెళుతుంది, కొన్నిటి మీదుగా వెళ్ళదు. పరికరంతో పాటు వచ్చిన కేబుల్‌నే మొదట వాడి చూడాలి.

రెండవది, నడుమ హబ్ వంటివి లేకుండా నేరుగా కంప్యూటర్ ద్వారానికే తగిలించి చూడాలి. మూడవది, తగిలించడానికి ముందే డ్రైవర్ వేయాలని సూచనల కాగితం చెబితే ఆ వరుస తప్పకూడదు. నాల్గవది, మరొక కంప్యూటర్‌కు తగిలించి చూస్తే దోషం పరికరంలో ఉన్నదా, కంప్యూటర్‌లో ఉన్నదా తేలిపోతుంది. డ్రైవర్‌ను తయారీదారు సొంత చోటు నుంచే తెచ్చుకోవడం క్షేమం. డ్రైవర్ ఇస్తామని పిలిచే దారినపోయేవారు యంత్రానికి చేటు చేసే ప్రోగ్రాములు అంటగట్టే ప్రమాదం ఉన్నది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న కొనేముందు అడగవలసినది. "ఇది మా కంప్యూటర్‌లో ప్రత్యేక డ్రైవర్ లేకుండా పనిచేస్తుందా? డ్రైవర్ కావాలంటే, ఏ వ్యవస్థలకు ఇస్తున్నారు?" వస్తువు రంగు, ధర, హామీ కాలం అడిగే కొనుగోలుదారు ఈ ప్రశ్న అడగడం మరచిపోతాడు. పదిమంది అడగడం మొదలుపెడితే అమ్మేవాడు జవాబు వెతుక్కుంటాడు. అమ్మేవాడు అడిగితే తయారీదారు ఆలోచిస్తాడు.

యంత్రాల మధ్య సఖ్యత దానంతట అది కుదిరిన సందర్భం ఈ చరిత్రలో ఎక్కడా కానరాదు. ఒకచోట ఇంజనీరు పట్టుబట్టాడు, ఒకచోట ప్రోగ్రామర్ ఎదురుతిరిగాడు, మరొకచోట చట్టం కల్పించుకున్నది. ఎక్కడ చూసినా మొదట ఉన్నది, ఇది ఇంత కష్టంగా ఎందుకుండాలని అడిగిన ఒక మనిషి విసుగే. నేడు కేబుల్ చేతపట్టుకుని చిన్నబోయి కూర్చున్న గృహస్థు అడుగుతున్నదీ ఆ ప్రశ్నే. జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రం ఆయనది కాదు.